స్వాతంత్ర్య దినపు కలంకారీ తెరపై 1952 రాయవచ్చునా?

స్వర్ణముఖి గట్టు: శ్రీకాళహస్తిలో మా వీధివారమంతా కలిసి ఆగస్టు 15 కోసం ఒక పెద్ద కలంకారీ తెర వేస్తున్నాము. పక్కనున్న ఎరుకల కుటుంబాల స్త్రీలు ఒక గడిని తామే గీస్తామనీ, అందులో ఈతాకు బుట్ట అల్లికతోపాటు 31-8-1952 అనే తేదీ రాస్తామనీ అడిగారు. పెద్దలలో కొందరికి అది నచ్చలేదు. మీరేమంటారు?

కరక్కాయ: కలం పట్టడానికి ఏళ్ల సాధన కావాలి. వారి బొమ్మను మన పనివారే గీస్తే గీత చెడకుండా ఉంటుంది. పండుగ 1947ది కాగా మధ్యలో వేరొక తేదీ ఎందుకన్నది నా సందేహం.

వెదురుపుల్ల: కరక్కాయగారి మొదటి మాటను నేను కొట్టివేయను. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టిన నీటిలో ముంచిన కలం, కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డను తాకగానే గీత నల్లబడుతుంది, ఇక దానిని చెరపలేము. అయితే మొన్న మా ఇంటి అరుగు మీద ఒక ఎరుకల అవ్వ పాత గుడ్డముక్కపై బుట్ట అడుగు గీసింది. పుల్లకు చుట్టిన దారపు ఉండను ఎంత నొక్కాలో మూడో గీతకే పట్టుకుంది, ఒక ఈనె మీదికి వస్తే పక్కది కిందికి పోయే లెక్క ఎక్కడా తప్పలేదు. ఆ లెక్క మన పనివారికి తెలియదు.

తేదీ సంగతి అసలైనది. 1871నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసి, పుట్టుకనే నేరంగా లెక్కగట్టి, ఎరుకలవారి పేర్లు పోలీసు పుస్తకాలకు ఎక్కించారు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ అడిగారు, స్టువార్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో కాపలా మధ్య ఉంచారు. జెండా ఎగిరిన ఐదేళ్లకు గానీ, అంటే 1952 ఆగస్టు 31న గానీ, ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. వారి స్వాతంత్ర్యానికి తేదీ వేరుగా ఉండడం వారు చేసిన తప్పు కాదు కదా!

పైగా మన కాళహస్తి తెరలలో గడి కింద తెలుగు అక్షరాల వరుస ఉండడం పాత పద్ధతే. రామాయణ ఘట్టం కింద పద్యం పట్టినచోట ఒక తేదీ పట్టదా?

కరక్కాయ: అక్షరాల వరుస మాట నాకు తోచలేదు. తేదీకి ఒప్పుకుంటాను, కానీ అవ్వ ముందు ముడిగుడ్డ మీద ఇంకొకసారి గీయాలి.

స్వర్ణముఖి గట్టు: ఆదివారం గుడ్డ తడుపుతున్నాము. ఎడమవైపు మూడవ గడి వారిది.