గుర్రాల షోకు మన పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ సరిపోతాడా?

ఎమ్మిగనూరు రైతు:
అన్నలూ, ఒక మాట తేల్చండి. మా మార్వారీ (రాజస్థాన్ జాతి) ఆడగుర్రాన్ని డిసెంబర్‌లో దత్త జయంతికి మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతకు తోలకపోతాండా. తపతి ఒడ్డున జరుగుతుంది, పోటీలూ ఉంటాయి. రేపు దాని పిల్లలకు మంచి ధర రావాలంటే తల్లి ఫొటోలు బాగుండాల. కర్నూల్లో మా ఇంటి పెళ్ళిళ్ళన్నీ తీసిన ఫొటోగ్రాఫర్ వస్తానంటాడు. మా చిన్నాయన మాత్రం అక్కడే గుర్రాలు తీసే మనిషిని మాట్లాడుకోమంటాడు. ఏది మేలు?

ప్రొద్దుటూరు వాసి:
మన మనిషినే తీస్కపో అన్నా. సంతలో ఫొటోలు తీసేవాళ్ళకు రోజంతా గుంపే, నీ గుర్రానికి నాలుగు నిమిషాలు దొరికితే గొప్ప. మా బావ ముందే డబ్బు కట్టి వచ్చినాడు, సగం ఫొటోలు ఇంతవరకూ చేతికి రాలేదు. ఊరి మనిషైతే ఇంటికి పోయి అడగొచ్చు.

గుంతకల్లు గుర్రాలోడు:
నేను ఒప్పుకోను. పెళ్ళిలో మాదిరి దగ్గరికొచ్చి వైడ్ లెన్స్‌తో తీస్తే తల ఇంతలావు, వెనకభాగం పిడికెడు కనిపిస్తుంది. కొనేవాడు ఆ ఫొటో చూసి గుర్రం ఒంటి కట్టే సరిగా లేదనుకుంటాడు. పక్కనుంచి తీసే ఫొటోకు దూరంగా నిలబడి, 70-200 లెన్స్ (దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే జూమ్ లెన్స్) బాగా లాగి, కెమెరాను గుర్రం నడుమెత్తున పెట్టాల. నాలుగు కాళ్ళూ విడివిడిగా కనపడాల. మార్వారీకి చెవులే ముఖ్యం: కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి. నొక్కే క్షణంలో చెవులు వెనక్కి పడినాయంటే జాతి లక్షణమే పోయినట్టు. పరుగులో షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు (1/1000) కంటే నెమ్మదైతే కాళ్ళు మసక. ట్రాట్‌లో, అంటే మధ్యరకం పరుగులో, ఎదురెదురు మూలల కాళ్ళు జతగా లేస్తాయి, మార్వారీలకు సహజంగా వచ్చే రేవాల్ చాల్ అనే నడకలో నాలుగూ వేర్వేరుగా పడతాయి. ఆ తేడా కంటికి తెలియనోడు వెయ్యి ఫొటోలు తీసినా ఒకటీ పనికిరాదు.

కర్నూలు స్టూడియో:
అన్నా, నేనూ పెళ్ళిళ్ళు తీసేవాణ్ణే. మీరు చెప్పింది నిజం, కానీ ఇవన్నీ నేర్చుకునే సంగతులే. నాకు 70-200 ఉంది, బరాత్ గుర్రాల దగ్గర ఫ్లాష్ వాడకూడదనీ తెలుసు. గుర్రానికి సరిగ్గా వెనకాల ఏముందో కనపడదు, అక్కడ నిలబడి మెరిపిస్తే తంతుంది. ముందుగా ఒక పూట మాకు గుర్రాన్ని చూపించండి. చూపించకుండానే మావల్ల కాదంటే ఎట్ల?

ఆదోని కుర్రోడు:
ఎవరూ చెప్పని దారి ఒకటుంది. మన సీమలో బండలాగుడు పోటీలు తీసే పిల్లోళ్ళున్నారు కదా. పాలపళ్ళ (ఇంకా పాలపళ్ళు ఊడని చిన్న ఎడ్ల) విభాగం నుంచి సీనియర్ ఎడ్ల దాకా ఎండలో నిలబడి తీస్తారు. ఎద్దు ఎప్పుడు ఎగదన్నుతాదో, తాము యాడ నిలబడకూడదో వాళ్ళకు బాగా తెలుసు. జంతువు కోసం కాచుకోవడం పెళ్ళిళ్ళలో అలవాటయ్యేది కాదు. వాళ్ళకు గుర్రం కాళ్ళ సంగతి చెప్తే చాలు.

కడప నుంచి:
ఎవర్ని పెట్టుకున్నా ఒప్పందం రాసుకోండి, వాట్సాప్‌లో అయినా సరే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు మీరే. కానీ సంతలో తనంతట తానే తీసి తర్వాత అమ్మేవాడి ఫొటో మీద హక్కు ఆయనదే. దాన్ని బేరం ప్రకటనల్లో వాడాలంటే ఆయన అనుమతి కావాల. మన మనిషిని తీసుకపోవడానికి నాకు కనపడే గట్టి కారణం ఇదే.

ఎమ్మిగనూరు రైతు:
కాపీరైట్ సంగతి తెలియదన్నా, మంచి మాట చెప్పినావు. అయితే ఈ ఆదివారం పొద్దున్నే మా చేనికాడ ఇద్దర్నీ పిలిపిస్తా, స్టూడియో అన్ననూ, బండలాగుడు తీసే పిల్లోణ్ణీ. ఎవరి ఫొటోలో చెవులు నిలబడితే వాళ్ళే సారంగ్‌ఖేడాకు.

గుంతకల్లు గుర్రాలోడు:
పరీక్ష పెట్టడం మంచిదే. అయితే పగ్గం పట్టే మనిషి ఎవరు? కాళ్ళు సర్దేవాడు ఒకడు, గుర్రానికి ఎదురుగా కొంత దూరంలో శనగల డబ్బా గలగలలాడించి చెవులు ముందుకు తిప్పేవాడు ఇంకొకడు ఉండాల. లేకపోతే ఎవరి ఫొటోలోనూ చెవులు నిలబడవు, తప్పు కెమెరా మీదికి పోతుంది. ఆదివారం నేనొస్తా, డబ్బా నాది.