మన అద్దకం గుడ్డలు ఇంగ్లండ్ ఇళ్లలోకి చేరాక ఏం జరిగింది?

ప్రశ్న:
ఈస్టిండియా కంపెనీ రోజుల గురించి ఏది చదివినా ఇక్కడి నుంచి ఏం పట్టుకుపోయారన్న లెక్కే ఉంటుంది. నాకు అవతలి ఒడ్డు సంగతి కావాలి. ఆ సరుకు లండన్‌లో దిగాక అక్కడి మామూలు వాళ్ల ఇళ్లలో ఏం మారింది? టీ గురించి కొంత తెలుసు, అది కాకుండా ఇంకేమైనా ఉంటే చెప్పండి.

జవాబు 1:
గుడ్డల దగ్గర మొదలుపెట్టండి, అసలు కథంతా అక్కడే ఉంది. 1611లో గ్లోబ్ అనే ఓడ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకు వచ్చింది నూలు గుడ్డల కోసమే. మొదట్లో వాటిని ఆగ్నేయాసియాకు తీసుకెళ్లి మసాలా దినుసులకు మారకం వేసేవాళ్లు, ఇంగ్లండ్‌లో గిరాకీ తర్వాత పెరిగింది. ఎందుకు పెరిగిందంటే, ఎన్నిసార్లు ఉతికినా రంగు దిగని, ఒంటికి తేలిగ్గా ఉండే పూల గుడ్డ ఉన్ని, లినెన్ కట్టుకునే వాళ్లకు కొత్త. మనవాళ్లు చిరివేరు అనే మొక్క వేరుతో ఎరుపు తీసేవాళ్లు, ఆ రంగు గుడ్డను పట్టుకునేది పటిక వల్ల. నూలు గుడ్డ మీద ఈ పటిక పనితనం అక్కడి అద్దకం వాళ్లకు అప్పటికి చేతకాలేదు. ముందు మంచాల తెరలుగా వేసుకున్నారు, తర్వాత గౌన్లు కుట్టించుకున్నారు, చివరికి పనిమనుషులూ కట్టారు.

దాంతో అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకు కడుపు మండింది. రంగులద్దిన ఆసియా నూలు గుడ్డల్ని ఇంగ్లండ్‌లో వాడకానికి దిగుమతి చేయకూడదని 1700లో చట్టం తెచ్చారు. అదీ చాలక 1719లో లండన్ వీధుల్లో ఆ గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. 1721లో కట్టుకోవడాన్నే నిషేధించారు.

జవాబు 2:
పై జవాబుకి ఒకటి కలుపుతాను. 1700 చట్టం తెల్ల గుడ్డను ఆపలేదు, కాబట్టి మన తెల్లగుడ్డ తెప్పించుకుని లండన్‌లోనే అచ్చులు వేయడం నేర్చుకున్నారు. 1721 తర్వాత ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పడుగు (నిలువు దారం) లినెన్, పేక (అడ్డ దారం) నూలు పెట్టి నేసిన గుడ్డ పుంజుకుంది, ఎందుకంటే పడుగుకి తట్టుకునే గట్టి నూలు వాళ్లు ఇంకా వడకలేకపోయారు. యంత్రాలొచ్చి ఆ నూలు కూడా చేతికందాక, 1774లో సొంత నూలు గుడ్డకు అడ్డు తీసేశారు. మన నేతగాళ్లతో పోటీ పడలేని కాలమంతా చట్టం వాళ్లని కాచింది, 19వ శతాబ్దంలో అదే మిల్లు గుడ్డ మన సంతల్లోకి వచ్చి పడినప్పుడు మనవాళ్లని కాచే చట్టం లేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

జవాబు 3:
టీ తెలుసన్నారు కానీ దాని వెంట వచ్చిన పింగాణీని వదలకండి. టీ పెట్టెలకు తడి తగలకూడదు, ఓడ అడుగున బరువూ కావాలి, అందుకని చైనా రేవు కాంటన్‌లో అడుగు వరసలో పింగాణీ సర్ది పైన టీ ఎక్కించేవాళ్లు. తర్వాత ఇంగ్లండ్‌లోనే వాటికి నకళ్లు చేశారు. చైనాదే అనిపించే ఆ నీలి విల్లో బొమ్మ పళ్లెం ఇంగ్లండ్‌లో పుట్టిందే. 1784లో టీ మీద సుంకం 119 శాతం నుంచి 12.5 శాతానికి దించాక పేదవాళ్లూ ధైర్యంగా కొనుక్కున్నారు. అందులో వేసుకున్న చక్కెర కరీబియన్ దీవుల్లో బానిసల చెమట, టీకి కట్టిన వెండి చాలాభాగం తిరిగి రాబట్టింది బెంగాల్, బీహార్ నల్లమందు చైనాలో అమ్మి. ఈ రెండూ చెప్పకుండా ఇంగ్లిష్ టీ గురించి మాట్లాడటం తప్పని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి, మచిలీపట్నం ఇందులోకి వస్తుందని అస్సలు అనుకోలేదు. మరి శాలువాల మీద ఉండే మామిడిపిందె డిజైన్‌ని పెయిస్లీ అంటారు కదా, అదీ ఇలాంటిదేనా?

జవాబు 1:
అవునండీ. కాశ్మీరు శాలువాలకు 19వ శతాబ్దంలో మగ్గాల మీద నకళ్లు నేసిన స్కాట్లండ్ ఊరు పెయిస్లీ. నేత కాశ్మీరుది, పిందె మనకు ఎప్పటినుంచో తెలిసినది, పేరు మాత్రం ఆ ఊరిది నిలిచింది.