ఫ్రీమాంట్‌లో హెచ్4 మీద ఉన్నాను, కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీష్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

బాపట్ల_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. పది వరకు తెలుగు మీడియం. ఇంటర్, బీఎస్సీ పేరుకి ఇంగ్లీష్ మీడియమే, కానీ లెక్చరర్లు పాఠం తెలుగులోనే చెప్పేవాళ్లు. మేం ఇంగ్లీష్‌లో బట్టీ పట్టి పరీక్ష రాసేవాళ్లం. పెళ్లయ్యాక కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి వచ్చి రెండేళ్లు దాటింది. మా ఆయనది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది దాని మీద వచ్చే హెచ్4.

చదివితే అర్థమవుతుంది. ఎవరైనా మాట్లాడితే ముప్పావు వంతు అర్థమవుతుంది. నా వంతు వచ్చేసరికి నోరు పెగలదు. మొన్న బాబు స్కూల్లో టీచర్‌తో మీటింగ్. మా ఆయనకి ఆఫీస్ కాల్ ఉండి నేనొక్కదాన్నే వెళ్లాను. బాబు క్లాసులో అసలు మాట్లాడట్లేదని ఆవిడ అన్నారు. వాడు ఇంట్లో గలగలా మాట్లాడతాడు, బొమ్మలకి పేర్లు పెట్టి కథలు చెప్తాడు. అదంతా ఆవిడకి చెప్పాలనిపించింది. "యస్, ఓకే, థ్యాంక్యూ" అని వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ ఓలోనిలో చేరదామనుకుంటున్నాను. ముందు ఈఎస్ఎల్ (ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకి నేర్పే క్లాసు) తీసుకోవాలా, నేరుగా ఇంగ్లీష్ క్లాసులో కూర్చోవచ్చా? పబ్లిక్ స్పీకింగ్ అనే కోర్సు కూడా ఉంది, దాని పేరు చూస్తేనే టెన్షన్. హెచ్4 మీద చదవొచ్చా, ఫీజు ఎంతవుతుంది? ముందుముందు ప్రీస్కూల్లో పనిచేయాలని కోరిక. తెలిసినవాళ్లు చెప్పగలరు.

సన్నీవేల్_నాన్న:

హెచ్4 మీద నిక్షేపంగా చదవొచ్చమ్మా, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాల్సిన పనిలేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రెసిడెంట్లకి యూనిట్‌కి (కోర్సు బరువుని కొలిచే లెక్క) 46 డాలర్లు. ఏడాదీ ఒక రోజూ ఇక్కడ ఉన్నట్టు, ఇక్కడే ఉండాలనుకుంటున్నట్టు కాగితాలు చూపిస్తే హెచ్4 వాళ్లకీ రెసిడెంట్ ఫీజే. లేకపోతే యూనిట్‌కి వందల్లో పడుతుంది. నాన్-క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి రాని) ఈఎస్ఎల్‌కి అసలు ఫీజే ఉండదు. నన్నడిగితే మొదట ఫ్రీమాంట్ అడల్ట్ స్కూల్లో ఒక ఏడాది ఈఎస్ఎల్ చదివి, గ్రామర్ గట్టిపడ్డాక కాలేజీకి వెళ్లు.

మున్నేరు:

సన్నీవేల్ గారు ఫీజు, వీసా సంగతి సరిగ్గా చెప్పారు. చివరి మాట మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు చెల్లీ.

మాది ఖమ్మం. నేనూ తెలుగు మీడియమే, నేనూ హెచ్4 మీదే కమ్యూనిటీ కాలేజీలో చేరాను. ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) వచ్చాక ఇప్పుడు ఒక కాలేజీ రైటింగ్ సెంటర్లో ట్యూటర్‌గా చేస్తున్నాను. నీలాగే చదువుకుని వచ్చినవాళ్లు తమ రాతలు పట్టుకుని నా టేబుల్ ముందుకి రోజూ వస్తారు. వాళ్లకి గ్రామర్ రాక కాదు. టెన్సులు, ఆర్టికల్స్ తప్పులుంటాయి, అవి మెల్లగా సర్దుకుంటాయి. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఒక విషయం మీద "నేను ఇలా అనుకుంటున్నాను, ఇదుగో కారణం" అని చెప్పే పని మనకెవరూ నేర్పలేదు. ఆల్-ఇన్-వన్ గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే ఫుల్ మార్కులు వేశారు. ఇక్కడ అదే పని చేస్తే ప్లేజియరిజం, అంటే వేరేవాళ్ల రాత కాపీ కొట్టడం అంటారు, సున్నా వేస్తారు. ఇది మొదటి వారంలోనే తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. టెక్నాలజీ, ఉద్యోగాల మీద ఒకబ్బాయి వ్యాసం తెచ్చాడు. మొదటి వాక్యం "టెక్నాలజీ వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి" అని. రెండు పేజీలూ అలాగే నడిచింది. పేపర్ పక్కనపెట్టి, నువ్వు ఎక్కడైనా పనిచేస్తావా అని అడిగాను. కిరాణా స్టోర్లో అన్నాడు. సెల్ఫ్ చెకౌట్ మెషిన్లు వచ్చాక ఏం మారిందో చెప్పమన్నాను. ఇదివరకు ఒక కౌంటర్ చూసుకుంటే సరిపోయేదట. ఇప్పుడు ఆరు మెషిన్లకి వాడొక్కడే కాపలా, ఏది ఆగిపోయినా పరిగెత్తాలి, సరుకు పోతే మాట పడేదీ వాడే. అదే ఇంగ్లీష్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు! "మెషిన్లు పని తగ్గించలేదు, ఆరుగురి బాధ్యత ఒకడి మీద పెట్టాయి" అని కాగితం మీద పెట్టమన్నాను. వాడి థీసిస్, అంటే వ్యాసంలో నిలబెట్టాల్సిన అసలు మాట, అదే. ఆ తర్వాత చదివిన ఆర్టికల్‌లోంచి ఒక కొటేషన్ తీసుకుని, అది తన మాటకి ఎలా బలమిస్తుందో రెండు వాక్యాల్లో రాశాడు. ఇంగ్లీష్ కాంపోజిషన్ క్లాసులో చేయించేది ఇదే. ఇది గ్రామర్ పుస్తకంలో దొరకదు, ఏడాది ఆగితే వచ్చేదీ కాదు.

ఇక నీ మొదటి ప్రశ్న. 2017లో ఏబీ 705 అని కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. అంతకుముందు ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టి, కింది క్లాసుల్లో వేసి, మెట్టు మెట్టు ఎక్కమనేవాళ్లు. చాలామంది మధ్యలోనే మానేసేవాళ్లు. ఇప్పుడు నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి (నాలుగేళ్ల యూనివర్సిటీకి మారినా లెక్కలోకి వచ్చే) ఇంగ్లీష్‌లో కూర్చోబెట్టి, చాలాచోట్ల పక్కనే సపోర్ట్ క్లాసు ఇస్తున్నారు. ఈఎస్ఎల్‌లో మొదలుపెట్టినవాళ్లు కూడా మూడేళ్లలోపు ఆ ఇంగ్లీష్ పూర్తిచేయగలిగేలా కాలేజీ చూడాలి. ఆ కోర్సు పేరు కాలేజీకొకటి ఉండేది. 2025 ఫాల్ సెమిస్టర్ నుంచి రాష్ట్రమంతా ఇంగ్లీష్ సి1000 అని ఒకే నంబర్ పెట్టారు. నువ్వు ఇక్కడ పోస్టు రాసినంత పొందిగ్గా ఇంగ్లీష్‌లో ఒక పేజీ, తప్పులతోనైనా సరే, రాయగలిగితే సపోర్ట్ ఉన్న సెక్షన్‌లో చేరు. రాయలేనంటే క్రెడిట్ ఈఎస్ఎల్‌లో పై స్థాయి రైటింగ్ క్లాసు ఒక్క సెమిస్టర్ చెయ్యి. ఏదైనా సరే, ఇంట్లో కూర్చుని "రెడీ అయ్యాక వెళ్తా" అనుకోవద్దు.

పబ్లిక్ స్పీకింగ్‌కి భయపడకు, నీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే. దాని నంబర్ కామ్ సి1000 అని ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటే కాల్-గెట్‌సీలో (యూనివర్సిటీకి మారేముందు పూర్తిచేయాల్సిన కోర్సుల పట్టిక) మౌఖిక కమ్యూనికేషన్ కోర్సు ఎలాగూ తప్పనిసరి. సమాచారం చెప్పే స్పీచ్ ఒకటి, ఒప్పించే స్పీచ్ ఒకటి అయినా ఉంటాయి. ముందు అవుట్‌లైన్ ఇవ్వాలి. కార్డు మీద పాయింట్లు మాత్రమే, చూసి చదివితే మార్కులు పోతాయి.

నేను చీటీ పాట గురించి చెప్పాను. ఇరవై మంది, నెలకి తలా ఐదు వేలు, లక్ష చీటీ. ఒకరు ఎనభై వేలకి పాడుకుంటే మిగిలిన ఇరవై వేలు, కమీషన్ పోను, అందరికీ పంచుతారని బోర్డు మీద గీసి చూపించాను. వెంటనే ఒకమ్మాయి, ముందు పాడుకున్నవాడు పారిపోతే ఎలా అంది. జామీను గురించి చెప్పాను. కార్డు మీద రాసుకోని మాటలన్నీ అప్పుడే వచ్చాయి. మెక్సికో కుర్రాడొకడు, మాకూ ఉంది, టాండా అంటాం, కానీ పాట ఉండదు, వంతులవారీగా తీసుకుంటాం అన్నాడు. క్లాసంతా దాని మీదే పడింది. తెలిసిన సంగతి ఎంచుకో చెల్లీ. గూగుల్‌లో వెతికి తెచ్చిన టాపిక్ మీద ఎవరికైనా నోరు ఎండిపోతుంది.

బడి_గంట:

నేను శాన్ హోసేలో ప్రీస్కూల్ టీచర్ని. మున్నేరు గారి మాటలకి ఒకటి కలుపుతాను. ఇంగ్లీష్ అయిపోయేదాకా ఈసీఈ (చిన్నపిల్లల విద్య) కోర్సులు ఆపకండి. కాలిఫోర్నియా అసోసియేట్ టీచర్ పర్మిట్‌కి ఈసీఈలో 12 యూనిట్లు, కొంత పని అనుభవం చాలు. అసిస్టెంట్ పర్మిట్‌కి 6 యూనిట్లే. జీతానికి పని చేయాలంటే మాత్రం ఈఏడీ ఉండాలి. ఈ కోర్సుల్లో పిల్లల్ని గమనించి రాయమంటారు: "బ్లాకులు పేర్చాడు, పడిపోతే పక్క పాప వైపు చూశాడు, మళ్లీ పేర్చాడు" అని చూసింది చూసినట్టు. చిన్న వాక్యాలు, కళ్ల ముందు జరిగేది. నాకు ఇంగ్లీష్ రాయడం అక్కడే పట్టుబడింది.

సన్నీవేల్_నాన్న:

పాయింటే. కానీ చిన్నపిల్లాడు ఉన్న ఇంట్లో తట్టుకోలేక మధ్యలో మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద మచ్చ కదా?

మున్నేరు:

మొదటి వారాల్లో డ్రాప్ గడువు ఉంటుంది, ఆలోపు మానేస్తే రికార్డులోకే ఎక్కదు. ఆ తర్వాతి గడువులోపైతే డబ్ల్యూ (మధ్యలో మానేశారనే గుర్తు) పడుతుంది, జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, తగ్గదు. ఏమీ చెప్పకుండా వెళ్లడం మానేస్తేనే ఎఫ్, అంటే ఫెయిల్, పడే ప్రమాదం. అందుకే మొదటి సెమిస్టర్‌కి ఒకటే కోర్సు, ఎక్కువలో ఎక్కువ రెండు. ఇబ్బందైతే టీచర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లాలి. మనవాళ్లు వెళ్లరు, విసిగించినట్టు ఉంటుందని మొహమాటం. ఆ గంట పెట్టిందే మన కోసం.

బాపట్ల_అమ్మాయి:

అందరికీ థ్యాంక్స్ అండీ. అక్కా, మీ రిప్లై మా ఆయనకి చదివి వినిపించాను. సపోర్ట్ సెక్షన్, దాంతోపాటు ఒక ఈసీఈ కోర్సు అనుకుంటున్నాం. రెండూ సాయంత్రం దొరికితే బాబుని ఆయన చూసుకుంటారు. కౌన్సెలర్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి?

మున్నేరు:

పాస్‌పోర్ట్, హెచ్4 కాగితం, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ట్యాక్స్ రిటర్న్. బీఎస్సీ మార్కుల మెమోలు కూడా తీసుకెళ్లు, ఎవాల్యుయేషన్ (మన చదువుని ఇక్కడి లెక్కలోకి మార్చడం) చేయిస్తే కొన్ని సబ్జెక్టులు కలిసొస్తాయేమో అడుగు. సాయంత్రం సెక్షన్లు త్వరగా నిండిపోతాయి, రిజిస్ట్రేషన్ తేదీ రాగానే ఆ రోజే చేసెయ్యి. ఇంకో మాట, క్లాసులు మొదలయ్యేదాకా ఆగకుండా బాబు టీచర్‌కి ఈమెయిల్ రాయి. నువ్వు పైన రాశావు చూడు, బొమ్మలకి పేర్లు పెట్టి కథలు చెప్తాడని, అది చాలు. నాలుగు వాక్యాలు రాసి ఇక్కడ పెట్టు, ఈ రాత్రికే చూసి పెడతాను.