ఊరి కుర్రాళ్లతో వరద సహాయ బృందం: శిక్షణ ఎక్కడ దొరుకుతుంది, ముందుగా ఏమి కొనాలి?

పెన్నా ఒడ్డు (ప్రశ్న)

మాది నెల్లూరు జిల్లాలో కోవూరుకు దగ్గరగా, పెన్నా పొర్లుకట్టకు ఆనుకుని ఉన్న ఊరు. 2021 నవంబరులో ఎగువన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, సోమశిల నుంచి లక్షల క్యూసెక్కుల నీటిని వదిలినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడం, జాతీయ రహదారి కోతకు గురికావడం కళ్లారా చూసినవాళ్లం. అప్పటి నుంచి మేము 18 మందిమి ఒక బృందంగా ఉంటున్నాము. అందరికీ ఈత వచ్చు.

అయితే కిందటి కార్తీకంలో జరిగిన ఒక సంగతి మమ్మల్ని ఆలోచనలో పడేసింది. చప్టా మీద మోకాళ్లకు పైన నీళ్లు పారుతుండగా అవతల చిక్కుకున్న గొర్రెల కాపరి కోసం మాలో ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. సగం దూరంలో కాలు జారింది. మేము ఇవతల నుంచి ఎంత బలంగా లాగితే అతను అంతగా నీళ్ల అడుగుకే పోయాడు. చివరకు భయపడి తాడు వదిలేశాము. కొంత దూరం కొట్టుకుపోయి తుమ్మకొమ్మ పట్టుకుని బతికాడు. లాగినప్పుడు మునిగినవాడు వదిలితే ఎలా తేలాడో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చందాలుగా 40 వేల రూపాయలు పోగయ్యాయి. వాటితో ఏమి కొనాలి? శిక్షణ ఎవరు ఇస్తారు? అధికారులు మమ్మల్ని దగ్గరకు రానిస్తారా?

పాత ఫైర్‌మన్, ఒంగోలు

తమ్ముడూ, తాడు సంగతి తేలకుండా మిగతా ప్రశ్నలకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. పారే నీళ్లలో మనిషిని ఒక చోట కట్టి ఆపితే, అతని మీదుగా పోవలసిన ప్రవాహమంతా వీపు మీద పడి అతన్ని కిందికి తొక్కుతుంది. నీటి వేగం రెట్టింపైతే ఆ తోపుడు నాలుగు రెట్లవుతుంది. మీరు తాడు లాగిన ప్రతిసారీ ఆ బరువుకు మీ బలం కూడా తోడైంది. వదిలేయగానే అతను నీటితో పాటు కదిలాడు కనుక తేలాడు. శిక్షణ పొందిన బృందాలు కూడా ఒంటికి తాడు తగిలించుకుని దిగవలసి వస్తే, ఒక్క లాగుతో ఊడిపోయే ప్రత్యేకమైన పట్టీ ఉన్న జాకెట్టు వేసుకుంటాయి. ముడి వేసిన తాడుతో ఎన్నడూ దిగరాదు.

దిగడమన్నది అన్నిటికన్నా చివరి మార్గం. ముందు ఒడ్డు నుంచే వెదురుగడ అందించాలి, అది అందకపోతే తాడు విసరాలి, అదీ కుదరకపోతే పడవ చూడాలి. విసిరిన తాడును అతను పట్టుకోగానే ప్రవాహానికి ఎదురుగా లాగకండి. మీరు నేల మీద కూర్చుని, కాళ్లు తన్నిపట్టి, తాడును బిగించి ఉంచితే చాలు. నీళ్లే అతన్ని గడియారం లోలకంలా మీ ఒడ్డుకు చేరుస్తాయి. పట్టుకున్నవాడు వెల్లకిలా తిరిగి, తాడును భుజం మీదుగా పట్టుకోవాలని అరిచి చెప్పాలి.

ఈత రావడం వేరు, వరదలో మనిషిని తీయడం వేరు. 2021 వరదల్లోనే మీ జిల్లాలో సహాయానికి వచ్చిన ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం) కానిస్టేబుల్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. శిక్షణ ఉన్నవారికే ఇంత ప్రమాదం ఉన్నప్పుడు, బావిలో మునగబెండ్లు కట్టుకుని నేర్చుకున్న ఈతను నమ్ముకుని దిగడం తగదు.

కొత్తపట్నం తీరం

మాది సముద్రం మీద బతికే కుటుంబం. వరదలకు మా ఫైబర్ బోట్లను లారీల మీద వేసుకుని పోవడం మాకు అలవాటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కూడా ఇలాగే బోట్లు వెళ్లాయి. సముద్రంలో ఆరితేరినవాడు కూడా మునిగిన ఊళ్లో మళ్లీ నేర్చుకోవలసిందే. పొలం కంచె తీగలు, వేలాడే కరెంటు తీగలు, ఇంజను రెక్కకు చుట్టుకునే చీరలు, వరిగడ్డి సముద్రంలో ఉండవు కదా! కనుక బోటు కొనే ఆలోచన ఉంటే మానుకోండి.

తాడు విషయంలో ఒక మాట. నైలాన్ తాడు గట్టిదే కానీ నీళ్లలో మునుగుతుంది. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది కనుక విసరడానికి అదే కావాలి. చిటికెన వేలంత లావు లేనిది అరచేతిని కోసేస్తుంది. ఖాళీ అయిన ఐదు లీటర్ల నూనె డబ్బాలో రెండు గుక్కల నీళ్లు పోసి, మూత బిగించి, పిడికి ఈ తాడు కట్టండి. ఆ కాస్త బరువు వల్ల గాలికి కొట్టుకుపోకుండా దూరం పోతుంది, పట్టుకున్నవాడిని తేలుస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు.

ఇంకొకటి: 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి మా నాయన ఎప్పుడు చెప్పినా, గాలి కన్నా ఆ తర్వాత దారులకు అడ్డం పడిన చెట్ల గురించే ఎక్కువ చెప్పేవారు. మీ డబ్బులో కొంత రంపాలకు, గొడ్డళ్లకు, హెల్మెట్లకు పెట్టండి. వంగి బిగుసుకున్న కొమ్మను ఎటువైపు నుంచి కోయాలో తెలియక దెబ్బలు తగిలించుకునేవారు చాలామంది. కోత పనివాళ్లను పిలిచి ఒక పూట నేర్చుకోండి.

సచివాలయ ఉద్యోగిని

ఆపద మిత్ర పథకాన్ని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో 30 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత 350 జిల్లాలకు, లక్ష మంది స్వచ్ఛంద సేవకులకు విస్తరించింది. 12 రోజుల శిక్షణ, అత్యవసర సామగ్రి సంచి, బీమా ఇందులో భాగం. 18 నుంచి 40 ఏళ్లవారిని తీసుకునేవారు. ఇప్పుడు యువ ఆపద మిత్ర పేరుతో ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, నెహ్రూ యువ కేంద్రాలు, స్కౌట్స్ ద్వారా యువతకు నేర్పుతున్నారు. మీలో డిగ్రీ చదివేవారు ఉంటే తమ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ అధికారిని అడగాలి; మిగిలినవారు కలెక్టరేటులోని విపత్తు నిర్వహణ విభాగానికి తహసీల్దారు ద్వారా అర్జీ పెట్టుకోవాలి. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పదో బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. వారు జిల్లాల్లో మాక్ డ్రిల్లు జరిపినప్పుడు కబురు చేయమని కూడా ఆ అర్జీలోనే కోరండి.

అధికారులు రానివ్వరన్న బాధ నాకు అర్థమైంది. కానీ వరద రోజున పేరు తెలియని 18 మంది ఒడ్డున నిలబడితే, ఎవరు లోపలికి పోయారో ఎవరు తిరిగి వచ్చారో లెక్క చూసుకునే భారం కూడా మా మీదే పడుతుంది. అప్పుడు వెనక్కి పొమ్మంటే వాదనకు దిగకండి. విధుల్లో ఉన్నవారిని అడ్డుకుంటే 2005 విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ముందుగానే మీ పేర్లు, రక్తవర్గాలు, ఫోన్ నంబర్లు సచివాలయంలో ఇచ్చి, పోలీస్ స్టేషన్‌లోనూ ఒక ప్రతి ఉంచండి. మీ నుంచి మాకు నిజంగా కావలసింది ఇంకొకటి ఉంది. ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివారున్నారు, ఎవరికి నెలలు నిండాయి, ఎవరు డయాలసిస్‌కు పోతున్నారు అన్న జాబితా. ఊరివాళ్లుగా అది మీకు తెలిసినంతగా మాకు తెలియదు. నీళ్లు రాకముందే వీరిని కదిలించగలిగితే తాడు అవసరమే పడదు. ఆపద వేళకు 112, 1070 నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి.

నర్సు, కందుకూరు

ఒడ్డుకు తెచ్చినవారిని తలకిందులు చేసి పొట్ట నొక్కే అలవాటును మీ బృందం ముందుగా మానాలి. అలా చేస్తే కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన సమయమూ పోతుంది. ఊపిరి ఆడకపోతే ముందు నోటితో శ్వాస ఇచ్చి, ఆపైన రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు రెండు శ్వాసలు. చదివితే ఇది చేతికి రాదు, బొమ్మ మీద చెయ్యాల్సిందే. నెల్లూరు రెడ్‌క్రాస్ వారిని ప్రథమ చికిత్స శిక్షణ గురించి అడగండి.

పెన్నా ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. తాడు గురించి చదివి వినిపించగానే ఆ రోజు దిగినవాడు చాలాసేపు మాట్లాడలేదు. తేలడానికి కొందామనుకున్న గాలి ట్యూబుల బేరం మానుకున్నాము. సోమవారం అర్జీ ఇస్తాము, జాబితా పని ఆడపిల్లలు తీసుకున్నారు. విసిరే తాడుకు సంచి కుట్టించాలంటే దర్జీకి ఏమి చెప్పాలి?

పాత ఫైర్‌మన్, ఒంగోలు

15 నుంచి 20 మీటర్ల తాడు పట్టేంత సంచి చాలు. అడుగున థర్మోకోల్ ముక్క వేయించి, తాడు ఒక కొనను అడుగుకు బిగించి, రెండోది పైకి వదలండి. తాడును చుట్టలు చుట్టి పెట్టకండి, గుప్పెడు గుప్పెడుగా కూరండి. చుట్టినది గాలిలో ముడిపడుతుంది, కూరినది జారుకుంటూ పోతుంది. విసిరేటప్పుడు పై కొనను మాత్రం చేతిలోనే ఉంచుకోండి. కొత్తవాళ్లు కంగారులో దానినీ విసిరేస్తారు.