వలసలతో కూలి రేటు పడుతుందా? అమెరికా అనుభవం ఏం చెబుతోంది

రఘురాం:
"బయటివాళ్లు వస్తే ఇక్కడి కూలివాడి జీతం పడిపోతుంది, ఇది మామూలు గిరాకీ-సరఫరా లెక్క" అని చాలామంది ఢంకా బజాయించి చెబుతారు. ఆ లెక్క సగమే. వచ్చినవాడికి రెండు చేతులతో పాటు కడుపూ ఉంటుంది. అద్దె కడతాడు, సరుకులు కొంటాడు, జుట్టు కత్తిరించుకుంటాడు. అతని ఖర్చే ఇంకొకరికి పని. 1980 ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపు క్యూబాలోని మేరియల్ రేవు నుంచి దాదాపు 1,25,000 మంది పడవల్లో అమెరికాకు వచ్చారు. వాళ్లలో చాలామంది స్థిరపడ్డ మయామీ నగరంలో పనిచేసేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. దీన్ని పరిశీలించి ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ 1990లో తేల్చింది ఏమిటంటే, స్థానికుల జీతాల మీద గానీ నిరుద్యోగం మీద గానీ చెప్పుకోదగ్గ దెబ్బ ఏమీ పడలేదని.

శ్రావణి:
రఘురాం గారూ, మీరు ఊరంతటి సగటు చెబుతున్నారు. దెబ్బ తగిలేది ఊరంతటికీ కాదు కదా. వచ్చినవాళ్లలో ఎక్కువమంది హైస్కూల్ కూడా పూర్తి చేయనివాళ్లు, కాబట్టి పోటీ పడాల్సింది అలాంటి స్థానికులే. ఇంకో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ సరిగ్గా వాళ్లనే విడదీసి చూస్తే, జీతాలు 10 నుంచి 30 శాతం దాకా పడ్డాయని వచ్చింది. అట్టడుగున ఉన్నవాడి నష్టాన్ని సగటులో కలిపేసి "అందరూ బాగున్నారు" అనడం నాకు న్యాయంగా తోచదు.

భాస్కర్:
ఆ 30 శాతం దగ్గర కాస్త ఆగాలండీ. బోర్హాస్ తీసుకున్న సర్వేలో మయామీ నుంచి ఆ వర్గం మగవాళ్లు ఏటా చాలా కొద్దిమందే ఉన్నారు. పైగా సరిగ్గా ఆ రోజుల్లోనే, మునుపు లెక్కలో తప్పిపోతున్న, జీతాలు తక్కువున్న నల్లజాతి మగవాళ్లు సర్వేలోకి ఎక్కువగా రావడం మొదలైంది. 2017లో మైఖేల్ క్లెమెన్స్, జెన్నిఫర్ హంట్ ఎత్తిచూపింది ఇదే. అంకెల్లో చూడండి: పదిమందిలో 8 మందికి గంటకు 10 డాలర్లు, ఇద్దరికి 6 డాలర్లు అనుకుందాం. సగటు 9.20. మరుసటి ఏడాది సర్వేలో 10 డాలర్లవాళ్లు ఐదుగురు, 6 డాలర్లవాళ్లు ఐదుగురు వచ్చారు. సగటు 8. ఎవరి జీతమూ పైసా తగ్గలేదు, కాగితం మీద మాత్రం 13 శాతం పడిపోయింది. పడిపోవడమంతా ఇదేనని నేననను గానీ, ఆ అంకె మీద చట్టాలు కట్టడం ప్రమాదం.

శ్రావణి:
సరే, మయామీ పక్కన పెడదాం. 1991లో జర్మనీ సరిహద్దు జిల్లాల్లో పొరుగునున్న చెక్ ప్రాంతపు కార్మికులు పనిచేయడానికి అనుమతిచ్చింది. అక్కడ మూడేళ్లలో చెక్ కార్మికుల వాటా ఒక శాతం పాయింటు పెరిగిన చోట స్థానికుల ఉపాధి 0.9 శాతం దాకా తగ్గింది. జీతాలు తగ్గింది 0.13 శాతమే. అంటే జీతాల పట్టిక ఒక్కటే చూస్తే అసలు సంగతి కనబడదు. ఉన్నవాళ్లను పెద్దగా తీసెయ్యలేదు, కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గించారు. బయట నిలబడి ఉద్యోగం కోసం చూస్తున్నవాడు నష్టపోయాడు. అతను ఏ కంపెనీ రికార్డులోనూ ఉండడు.

రఘురాం:
మంచి ఉదాహరణే. కానీ ఆ చెక్ కార్మికులకు జర్మనీలో నివసించే హక్కు లేదు. సాయంత్రానికి సరిహద్దు దాటి ఇంటికి వెళ్లి, సంపాదన అక్కడే ఖర్చుపెట్టారు. చేతులు వచ్చాయి, కడుపు రాలేదు. మయామీకి వచ్చినవాళ్లు అక్కడే కాపురం పెట్టారు. రెండు ఫలితాలూ వేరుగా ఉండడానికి నాకు తోచే పెద్ద కారణం ఇదే.

భాస్కర్:
పంపించేస్తే జీతాలు పెరుగుతాయా అన్నదీ చూడాలి. మెక్సికో కూలీలను ఒప్పందం మీద తెచ్చిన బ్రసేరో పథకం 1942లో మొదలై 1964 చివర ఆగిపోయింది. కూలీలు పోతే రైతులు జీతాలు పెంచక తప్పదనుకున్నారు. బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో వ్యవసాయ కూలి రేట్లు, వాళ్లు అసలే లేని రాష్ట్రాలకంటే వేగంగా ఏమీ పెరగలేదు. సాస్, పేస్టు కోసం పండించే కాలిఫోర్నియా టమాటాలే చూడండి. చేత్తో కోయాలంటే పండినవి ఏరుకుంటూ ఒకే మడిలో మళ్లీ మళ్లీ తిరగాలి. కాయలన్నీ ఒకేసారి పండి, దెబ్బకు పగలని గట్టి రకం డేవిస్ విశ్వవిద్యాలయంలో అప్పటికే తయారైంది. దానికి తగ్గ యంత్రం మొక్కను మొదలంటా కోసి, పైకెత్తి, దులుపుతుంది. పక్కన నిలబడ్డవాళ్లు పచ్చికాయలు, మట్టిగడ్డలు ఏరేస్తారు. కూలీలు ఆగిపోయిన కొన్నేళ్లలోనే దాదాపు పంటంతా యంత్రం కిందికి వెళ్లింది. స్థానికుడికి రావలసిన కూలి యంత్రానికి వెళ్లింది.

కల్యాణి:
మీ ముగ్గురూ ఎంతమంది వచ్చారన్న దగ్గరే ఆగిపోయారు. వచ్చినవాడు యజమానితో గొడవపడగలడా లేదా అన్నది నాకు ముఖ్యం. 2002లో హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఇచ్చిన తీర్పు గుర్తుందా? యూనియన్ పని చేసినందుకు ఒక కార్మికుడిని తీసేశారు, అది చట్టవిరుద్ధం. అయినా అతనికి సరైన కాగితాలు లేవు కాబట్టి పోయిన జీతం ఇప్పించడం కుదరదంది కోర్టు. కంపెనీకి మిగిలింది "ఇకపై ఇలా చేయకండి" అన్న ఆదేశం, గోడ మీద ఒక నోటీసు. ఇలాంటి మనిషిని తొలగిస్తే ఖర్చు తక్కువని తెలిశాక, పక్కన పనిచేసే పౌరుడి గొంతుకు మాత్రం బలం ఎక్కడిది? ఆ తీర్పుకు ముందే, 2000లో, అమెరికా కార్మిక సంఘాల సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ పాత వైఖరి మార్చుకుని, కాగితాలు లేనివాళ్లకు చట్టబద్ధత ఇవ్వాలంది. దయ ఒక్కటే కాదు, సొంత సభ్యుల జీతం కాపాడుకునే లెక్క కూడా అందులో ఉంది.

శ్రావణి:
కల్యాణి గారూ, దీనితో ఏకీభవిస్తాను. కానీ కాగితాలన్నీ సక్రమంగా ఉన్నచోట కూడా ఈ సమస్య ఉంది. హెచ్-1బీలో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి ప్రకారం లెవెల్ 1 జీతమంటే, అంటే అన్నిటికంటే కింది మెట్టు జీతమంటే, ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి 17వ పర్సంటైల్. అంటే అదే పని చేసేవాళ్లలో నూటికి 83 మంది దానికంటే ఎక్కువ తీసుకుంటున్నారు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో దేశం విడవడానికో దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. పని లేక బెంచ్ మీద ఉన్నా జీతం ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ ఆ 60 రోజులు నెత్తిన వేలాడుతుంటే ఫిర్యాదు చేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? వచ్చేవాళ్ల సంఖ్య మీద పరిమితి ఉండాలనే నేనంటాను. ముందు మార్చాల్సింది మాత్రం ఆ 17, ఆ 60.