అమ్మాయిని గైడ్స్‌లో చేర్పించాలా? చేసినవాళ్ళు చెప్పండి

ఖమ్మం అమ్మ
మా పాప ఆరో తరగతి. ఈ ఏడాది స్కూల్లో గైడ్స్ కంపెనీ (అబ్బాయిలకి స్కౌట్స్ ఉన్నట్టు అమ్మాయిల బృందం) మొదలుపెడుతున్నామని చీటీ పంపారు. పాప గంతులేస్తోంది. మా అత్తయ్య మాత్రం "ఆగస్టు పదిహేనుకి ఎండలో నిలబెట్టడానికేగా" అంటున్నారు. మావారికి రాత్రిపూట క్యాంపులంటే టెన్షన్. చీటీలో "అంతర్జాతీయ బాలికల ఉద్యమం" అని పెద్దక్షరాలతో వేశారు. ఆ అంతర్జాతీయం మా ఊరి పిల్లకి ఏ రకంగా పనికొస్తుందో నాకు అర్థం కావట్లేదు.

గోదారిగట్టు
మీ అత్తయ్యగారి మాట చాలా స్కూళ్ళకి అక్షరాలా సరిపోతుందండీ. మా హైస్కూల్లో స్కార్ఫ్ బయటికి తీసేది జెండా పండగలకీ, పెద్దాఫీసరు ఎవరైనా వస్తే పూలగుచ్ఛం ఇవ్వడానికీ. వారం వారం మీటింగ్ ఉంటుందని పుస్తకంలో చదివామే గానీ ఎప్పుడూ చూడలేదు. చివర్లో సర్టిఫికెట్ చేతికొచ్చింది, ముడి వేయడం మాత్రం రాలేదు. కాబట్టి ఉద్యమం పేరు కాదు, మీ స్కూల్లో దాన్ని నడిపే టీచర్ ఎవరో చూడండి.

జెడ్పీ టీచర్
గైడ్ కెప్టెన్‌గా, అంటే గైడ్స్ బృందాన్ని నడిపే టీచర్‌గా చేస్తున్నాను. పై మాటతో నాకు పేచీ లేదు, అలాంటి యూనిట్లు ఉన్నాయి. సరిగా నడిస్తే ఎలా ఉంటుందో చెబుతాను.

ఆరుగురు, ఎనిమిది మంది అమ్మాయిలది ఒక చిన్న జట్టు, దాన్ని "పెట్రోల్" అంటారు. వాళ్ళలో ఒకరు లీడర్. క్యాంపుకి ముందు లీడర్లందరూ "కోర్ట్ ఆఫ్ ఆనర్" అని కూర్చుంటారు. ఏం వండాలి, ఉప్పు పప్పు ఎంత కావాలి, వెదురు కర్రలు ఎక్కడ దొరుకుతాయి, పోయినసారి గిన్నెలు తోమకుండా తప్పించుకున్నది ఎవరు, అన్నీ అక్కడే తేలాలి. నేను పక్కనే ఉంటాను. నోరు మెదపకుండా ఉండడమే నాకు కష్టమైన పని.

మాది కో-ఎడ్ స్కూలు. మిగతా రోజుల్లో బెంచీలు మోయడానికి అబ్బాయిల్ని, ముగ్గులు వేయడానికి అమ్మాయిల్ని పిలుస్తాం. అలవాటైపోయింది, నాతో సహా అందరికీ. గైడ్స్ క్యాంపులో గుంజ పాతడానికి అబ్బాయి ఉండడు. గడ్డపార పట్టేదీ వాళ్ళే, ఒక్క మేకు కొట్టకుండా తాళ్ళతో గిన్నెల స్టాండ్ కట్టేదీ వాళ్ళే. ముడి వదులైతే గిన్నెలన్నీ మట్టిలో పడతాయి, మళ్ళీ కట్టుకుంటారు. గాయానికి కట్టు కట్టేటప్పుడు రీఫ్ నాట్ అనే ముడే ఎందుకు వేయాలో (చదునుగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకోదు) ఎనిమిదో తరగతి పిల్ల ఆరో తరగతి పిల్లకి చెబుతుంది. నేను చెబితే అంత శ్రద్ధగా వినరు లెండి.

మీవారికి చెప్పండి: గైడ్స్‌కి కెప్టెన్ మహిళే అయి ఉండాలి. క్యాంపుకి తల్లిదండ్రుల సంతకం లేకుండా తీసుకెళ్ళకూడదు.

రైలుకూత
రేంజర్‌గా (గైడ్స్ తర్వాత పెద్దమ్మాయిల విభాగం) చేశాను, ఇప్పుడు సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం. ఈ మాట వినగానే "కోటా" అని అందరూ నా వైపు తిరుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తా. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్న మాట నిజం. పోస్టులు కొద్ది. రాష్ట్రపతి అవార్డు స్థాయి అర్హత అడుగుతారు, కొన్నేళ్ళుగా చురుగ్గా ఉన్నట్టు రుజువూ అడుగుతారు. మెట్లు వరసగా ఇవీ: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, రాజ్య పురస్కార్, ఆ తర్వాతే రాష్ట్రపతి. ఏళ్ళు పడుతుంది. దాని కోసమే చేర్పిస్తే పిల్ల విసిగిపోతుంది.

ఉద్యోగం సంగతి పక్కన పెడితే నాకు నచ్చిన కథ ఒకటుంది. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల ర్యాలీ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు అమ్మాయిలు స్కౌట్ టోపీలు పెట్టుకుని వచ్చేశారు. మమ్మల్నీ చేర్చుకోండి అన్నారు. మరుసటి ఏడాదే, స్కౌట్స్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ చెల్లెలు ఆగ్నెస్ ఆధ్వర్యంలో గైడ్స్ మొదలైంది. మన దేశానికి 1911లోనే వచ్చింది, జబల్‌పూర్‌కి. అడిగి తెచ్చుకున్నది కాబట్టే నాకు దానిమీద గౌరవం.

ప్లేనో అమ్మ
టెక్సాస్ నుంచి. ఇక్కడ దీన్నే గర్ల్ స్కౌట్స్ అంటారు, 1912లో సవానాలో "జూలియెట్ గోర్డన్ లో" అనే ఆవిడ మొదలుపెట్టారు. పిల్లలు కుకీలు అమ్మే సీజన్ వచ్చిందంటే మా ఇంట్లో నడవడానికి దారుండదు. మా అమ్మాయి మొదట్లో షాపు ముందు నిలబడి ఎవరైనా "వద్దు" అనగానే నా వెనక దాక్కునేది. ఇప్పుడు "థాంక్యూ, హావ్ ఎ గుడ్ డే" అని పక్కవాళ్ళ వైపు తిరుగుతుంది. మైనస్ కూడా చెప్పాలి: ట్రూప్ నడిపేది అమ్మలే, శని ఆదివారాలు మనవి కావు.

అంతర్జాతీయం అంటే ఏమిటని అడిగారు కదా. పోయిన సెలవుల్లో గుంటూరు వచ్చాం. మా అక్క కూతురు అక్కడ గైడ్. మూడు రేకుల బ్యాడ్జి ఇద్దరికీ ఉంది. చూసుకోగానే ఇద్దరూ ఎడమ చేతులు కలిపారు, వాళ్ళ షేక్ హ్యాండ్ అదే. మా అమ్మ "ఎడం చెయ్యేమిటే, అప్రాచ్యప్పనులు" అని కసిరింది. మా అమ్మాయి తెలుగు అంతంత మాత్రం, అయినా సాయంత్రానికల్లా ఇద్దరూ డాబా మీద చేరి తాళ్ళు ముడేస్తున్నారు.

సంపెంగ
అంతర్జాతీయం కోసం విమానం ఎక్కక్కర్లేదు. 1966 నుంచీ పుణెలో "సంగం" ఉంది. గైడ్స్ ప్రపంచ సంఘానికి ఉన్న కేంద్రాల్లో అదొకటి, స్విట్జర్లాండ్‌లోని అడెల్‌బోడెన్‌లో 1932 నాటి కేంద్రం అన్నిటికన్నా పాతది. నూట యాభై పైచిలుకు దేశాల్లో, కోటి మంది దాకా సభ్యులు.

నేను సంగంలో ఒక ప్రోగ్రాంకి వెళ్ళాను. నా ఇంగ్లీషు చూసి నవ్వుతారేమోనని వణికాను. తీరా చూస్తే నా రూంలో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి ఇంగ్లీషు నా కన్నా తక్కువ. ఒక రాత్రి మాటల్లో చీకటి పడ్డాక ఇంటికి నడిచి వెళ్ళడం గురించి వచ్చింది. ఎవరైనా మీదకొస్తే కాచుకోవడానికి తాళంచెవులు వేళ్ళ మధ్య ఎలా పట్టుకోవాలో ఒక్కో దేశం అమ్మాయి చూపిస్తుంటే, ఇది మా ఊరి గొడవ, నా డ్రెస్ గొడవ అనుకున్నదంతా అక్కడితో పోయింది. నాకు దక్కింది అదీ. అయితే అక్కడిదాకా వెళ్ళేది చాలా కొద్దిమంది. ఖర్చు కూడా మాటలు కాదు.

గోదారిగట్టు
వెళ్ళలేని వాళ్ళకి ఫిబ్రవరి 22 ఉంది, థింకింగ్ డే, అన్ని దేశాల గైడ్స్ ఒకరినొకరు తలుచుకునే రోజు. 1926 నుంచి జరుపుతున్నారు. మా స్కూల్లో ఆ రోజున కూడా మార్చ్ పాస్టే చేయించారు, అది వేరే విషయం.

ఖమ్మం అమ్మ
అందరికీ థాంక్స్ అండీ. టీచర్ గారూ, ఇంకొకటి. మా పాపకి ఇంకా పీరియడ్స్ రాలేదు. క్యాంపులోనే మొదలైతే?

జెడ్పీ టీచర్
మంచి పని చేశారు అడిగి, చాలామంది అడగరు. వెళ్ళేముందు మీరే కూర్చోబెట్టి చెప్పండి. విడిగా ఒక గుడ్డసంచిలో ప్యాడ్లు, ఒక ముదురు రంగు ప్యాంటు, పాత పేపర్లు పెట్టి, ఆ సంచి దేనికో పాపకి తెలిసేలా చేయండి. మా ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోనూ ప్యాడ్లు ఉంటాయి, నన్ను అడగక్కర్లేదు, తీసుకోవచ్చు. కడుపునొప్పి ఉంటే హైక్ మానేయొచ్చు, లేకపోతే రావచ్చు. ఇంట్లో మీ పద్ధతి మీ ఇష్టం, క్యాంపులో మాత్రం పొయ్యి దగ్గరికి రావద్దని ఎవరినీ అనం, వంట వంతు వాళ్ళదైతే వాళ్ళే వండుతారు.