మిడ్‌టర్మ్ జోస్యాలు సరే, మా 25 పడకల ఆసుపత్రి సంగతేంటి? పల్లెల్లో పనిచేసేవాళ్ళు రాయండి

కాన్సస్_డ్యూటీ_డాక్టర్
అందరికీ నమస్తే. పశ్చిమ కాన్సస్‌లో ఒక చిన్న క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రిలో (పల్లెలకి దిక్కుగా ఉండే 25 పడకల లోపు ఆసుపత్రి) హాస్పిటలిస్టుని, అంటే వార్డులో చేరినవాళ్ళని చూసే డాక్టర్ని. జె-1 వేవర్ మీద వచ్చాను (జె-1 వీసా డాక్టర్లు చదువయ్యాక స్వదేశానికి వెళ్ళకుండా, డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే ఇచ్చే మినహాయింపు), మూడో ఏడు నడుస్తోంది. చుట్టూ గోధుమ పొలాలు, పశువుల ఫీడ్‌లాట్లు. ఇంతకన్నా పెద్ద ఆసుపత్రికి అంబులెన్సులో గంటన్నర. మంచు బాగా పడిన రోజు హెలికాప్టర్ కూడా రాదు.

పోయిన వారం మీటింగ్‌లో ఇంకో సర్జన్‌ని తీసుకుందామా అన్న మాట వచ్చింది. బోర్డులో ఒక పెద్దాయన "నవంబర్ 3న మిడ్‌టర్మ్ ఎన్నికలు అయ్యాక చూద్దాం, హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) ఎవరి చేతికొస్తుందో తేలనీ" అన్నాడు. మిగతావాళ్ళు తలూపారు. ఇంటికొచ్చి రాత్రి రెండింటిదాకా సర్వేలు, జోస్యాలు చదువుతూ కూర్చున్నాను. టెన్షన్ పెరిగింది తప్ప ఏమీ తేలలేదు.

మీ ఆసుపత్రుల్లో ఏం జరుగుతోంది? ఎవరు గెలిస్తే ఏం మారుతుంది అనుకుంటున్నారు? రాజకీయ గొడవ వద్దు, మీరు కళ్ళతో చూసింది రాయండి.

తెనాలి_తుంటరి
డాక్టర్ గారూ, జోస్యాలు నమ్మే అలవాటు మన తెలుగువాళ్ళకి 2018 డిసెంబర్‌లోనే పోయిందనుకున్నానే. ఆంధ్రా ఆక్టోపస్ లగడపాటి గారు తెలంగాణలో మహాకూటమి అన్నారు, టీఆర్ఎస్‌కి 88 వచ్చాయి. మళ్ళీ 2019లో టీడీపీ అన్నారు, జగన్‌కి 151. ఇక్కడి ఆక్టోపస్‌లు అంతకన్నా గొప్పవా?

మిస్సోరీ_బిల్లింగ్
గొప్పవేం కాదు. 2024 ఎన్నికలకి మూడు రోజుల ముందు అయోవాలో బాగా పేరున్న సర్వే ఒకటి హ్యారిస్‌కి 3 పాయింట్ల ఆధిక్యం చూపించింది. అక్కడ ట్రంప్ గెలిచింది 13తో. 2022లో రిపబ్లికన్ల ఎర్ర కెరటం, అంటే భారీ గెలుపు అన్నారు, చివరికి హౌస్‌లో వాళ్ళకి వచ్చింది 222 సీట్లే. సరే, అది పక్కనపెట్టండి.

డాక్టర్ గారూ, నేను పదిహేడేళ్ళుగా పల్లె ఆసుపత్రుల బిల్లింగ్‌లో ఉన్నాను. మీ బోర్డు పెద్దాయన ఓట్ల లెక్క చూస్తున్నాడు, చట్టంలో తేదీలు చూడలేదు. 2025 జూలై 4న సంతకమైన ట్రంప్ పెద్ద బిల్లులో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) దెబ్బలు ఎప్పుడెప్పుడు పడతాయో కాగితం మీద రాసి మా ఆఫీసు గోడకి అంటించాను. విస్తరణ కింద (ఒబామా కేర్‌తో మెడికెయిడ్‌ని ఇంకాస్త ఎక్కువ మందికి ఇవ్వడం) చేరినవాళ్ళ అర్హతని ఆరు నెలలకోసారి మళ్ళీ చూడటం 2026 డిసెంబర్ 31 నుంచి. నెలకి 80 గంటల పని నిబంధన 2027 జనవరి 1కల్లా. ప్రొవైడర్ ట్యాక్స్ కోత 2027 అక్టోబర్ నుంచి, విస్తరించిన రాష్ట్రాల్లో ఏటా అర శాతం చొప్పున 6 నుంచి 3.5కి దిగుతుంది. నెబ్రాస్కా లాంటి రాష్ట్రం పని నిబంధన ముందే మొదలుపెడతానంది, అది వేరు. మిగతాచోట్ల ఓటు వేసే రోజుకి ఈ మూడింటి వల్ల ఏ రోగి కార్డూ పోదు. అలా రాశారు మరి.

ఈ ప్రొవైడర్ ట్యాక్స్ ఏంటని మా వాళ్ళే అడుగుతుంటారు. రాష్ట్రం ఆసుపత్రి నుంచి పన్ను తీసుకుంటుంది. దాన్ని తన వాటాగా చూపించి ఫెడరల్ నుంచి అంతకు మించి తెస్తుంది. మొత్తం కలిపి మెడికెయిడ్ చెల్లింపుల రూపంలో తిరిగి ఆసుపత్రులకి వస్తుంది. దీన్ని లొసుగు అనేవాళ్ళున్నారు. నా వరకు అది జీతాలు పడే తేదీ.

మీ కాన్సస్ మెడికెయిడ్ విస్తరించని పది రాష్ట్రాల్లో ఒకటి. కాబట్టి ఈ ట్యాక్స్ కోత మీకు అలా పడదు, మీ పన్ను రేటు ఉన్నచోటే బిగుసుకుంటుంది. పని నిబంధన కూడా ప్రధానంగా విస్తరించిన రాష్ట్రాలకే. పోగొట్టుకోడానికి మీ దగ్గర ముందే తక్కువ ఉంది, అంతే.

కాన్సస్_డ్యూటీ_డాక్టర్
చివరి వాక్యం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు బాబాయ్. నిజమే. నా వార్డులో నలభై ఏళ్ళ వాళ్ళు షుగర్‌తో కాలు పోయేదాకా ఆగి వస్తారు. అడిగితే ఇన్సూరెన్స్ లేదంటారు. పక్క రాష్ట్రంలో పుట్టి ఉంటే వాళ్ళకి కార్డు ఉండేది.

లేబర్‌రూమ్_అక్క
సౌత్ డకోటా నుంచి. మాది విజయవాడ, ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట కాన్పుల వార్డు మూసేశారు. పేరు చెప్పను, వాళ్ళ తప్పు కూడా పెద్దగా లేదు. ఏడాదికి వంద కాన్పులు జరిగినా, పది జరిగినా, రాత్రింబవళ్ళు నర్సు, డాక్టరు, మత్తు ఇచ్చేవాళ్ళు సిద్ధంగా ఉండాల్సిందే. పల్లెల్లో దాదాపు సగం కాన్పులకి డబ్బు కట్టేది మెడికెయిడ్, అది ఇచ్చేది ఖర్చుకి సరిపోదు. ఆసుపత్రి ఇరుకున పడితే ముందు పోయేది మా వార్డే. ఇప్పుడు దేశంలో సగానికి పైగా పల్లె ఆసుపత్రుల్లో కాన్పులు చేయరు.

వార్డు మూసిన మొదటి చలికాలంలో ఒకమ్మాయి, రెండో కాన్పు, అరవై మైళ్ళు వెళ్ళాలి. దారిలో కారులోనే అయిపోయింది. భర్త స్పీకర్ ఫోన్‌లో పెట్టాడు, నేను ఇంట్లో వంటగట్టు దగ్గర నిలబడి చెప్తున్నాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. బిడ్డ బాగానే ఉంది.

ఎన్నికల సంగతంటారా, మా దగ్గర 2022లో మెడికెయిడ్ విస్తరణని జనమే ఓటేసి తెచ్చుకున్నారు, 56 శాతం. అదే జనం ఎప్పుడూ రిపబ్లికన్లనే గెలిపిస్తారు. టీవీలో వాళ్ళకి ఇది వింత. నాకు కాదు. మనిషికి ఓటేయడం వేరు, కార్డుకి ఓటేయడం వేరు. ఈ నవంబర్‌లో మా బ్యాలెట్ మీద ఇంకో ప్రశ్న కూడా ఉంది: విస్తరణ ఖర్చులో ఫెడరల్ వాటా 90 శాతం కన్నా తగ్గితే విస్తరణ ఆపేయొచ్చా అని. నేనైతే హౌస్ లెక్కల కన్నా దాని కోసం ఎదురు చూస్తున్నాను.

గ్యాస్‌స్టేషన్_అన్న
అలబామాలో రెండు గ్యాస్ స్టేషన్లున్నయి. సిటిజన్‌ని, మూడుసార్లు రిపబ్లికన్లకే ఓటేసిన, దాచేదేం లేదు. డాక్టర్లు, నర్సులు ఒక వైపే చూస్తరు కాబట్టి రెండో వైపు చెప్తున్న.

కౌంటర్ దగ్గర రోజూ మూడొందల మంది. పనిచేసే వయసుండి ఏ పనీ చేయనివాళ్ళకి నా ట్యాక్స్‌తో కార్డు ఎందుకని అడిగేటోళ్ళు ఎక్కువ. వాళ్ళు చెడ్డోళ్ళు కాదు, వాళ్ళే నెలకి 200 గంటలు కష్టపడుతున్నరు. నెలకి 80 గంటలు పని చూపించమంటే తప్పేముంది?

అట్లని నాకేం దెబ్బ తగల్లేదనుకోకండి. మేం ఒబామా కేర్ మార్కెట్‌ప్లేస్‌లో ఇన్సూరెన్స్ కొనుక్కుంటం. 2025 డిసెంబర్‌తో దానికి సర్కారు ఇచ్చే అదనపు సబ్సిడీ పోయింది. నలుగురి కుటుంబానికి ఆదాయం 1,28,600 డాలర్లు దాటితే ఒక్క డాలర్ కూడా రాదు. మేం దాటినం. జనవరి బిల్లు చూసి మా ఆవిడ "ఇది ఇల్లు కిస్తీనా?" అన్నది. నవంబర్‌లో జనం కోపంగా ఉంటే ఇందుకే ఉంటరు, మెడికెయిడ్‌కి కాదు. ఇదే నా జోస్యం.

ఫార్మసీ_శ్రీను
అన్నా, 80 గంటలు పనిచేయడం తప్పని ఎవరూ అనట్లేదు. పనిచేశామని *చూపించడం* దగ్గరే చిక్కంతా. నేను 2018లో ఆర్కన్సాలో కౌంటర్ మీద ఉన్నాను. అప్పుడు ఇదే నిబంధన పెట్టారు. నెలనెలా వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. ఆ వెబ్‌సైట్ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా మూసేసేవాళ్ళు! కోళ్ళ ప్లాంటులో షిఫ్ట్ చేసి వచ్చినవాడు దాన్ని ఎప్పుడు తెరవాలి? కొన్ని నెలల్లో 18,000 మందికి పైగా కార్డు పోగొట్టుకున్నారు, 2019 మార్చిలో కోర్టు ఆపేదాకా.

నా దగ్గరికి ఒకాయన బీపీ మందులకి వచ్చాడు. కార్డు గీస్తే పనిచేయలేదు. యూనిఫాం మీద, చేతిలో టిఫిన్ డబ్బా. పనికి పోతూ ఆగాడు. పని చేయట్లేదని కార్డు తీసేశారు. ఆ రోజు సగం మాత్రలే కొనుక్కుని వెళ్ళాడు.

గ్యాస్‌స్టేషన్_అన్న
ఆ వెబ్‌సైట్ సంగతి నాకు తెల్వదు తమ్మీ. అది మాత్రం దారుణం.

మిస్సోరీ_బిల్లింగ్
శ్రీను చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను, దీని గురించి టీవీలో ఎవరూ మాట్లాడరు. ఇప్పటిదాకా ఒక పద్ధతి ఉంది. ఇన్సూరెన్స్ లేనివాడు ట్రాక్టర్ కింద పడి మా ఎమర్జెన్సీకి వస్తాడు. మేం చేర్చుకుంటాం, తర్వాత మా వాళ్ళే కూర్చుని మెడికెయిడ్ అప్లికేషన్ నింపుతారు. అర్హత వస్తే వెనక్కి మూడు నెలల దాకా బిల్లు కడతారు. 2027 జనవరి నుంచి అది విస్తరణ వాళ్ళకి ఒక నెలే, మిగతావాళ్ళకి రెండు. ఐసీయూలో పడున్న మనిషి పే స్లిప్పులు ఎక్కడున్నాయో వెతకడానికే నెల పడుతుంది. తేడా మొత్తం మా పుస్తకాల్లో రాని బాకీ.

అదే బిల్లులో పల్లె వైద్యానికి 5,000 కోట్ల డాలర్ల నిధి ఇచ్చాం కదా అంటారు. అవును, ఐదేళ్ళకి, ఏటా వెయ్యి కోట్లు. అందులో సగం అన్ని రాష్ట్రాలకీ సమానంగా పంచుతారు. పల్లెలు ఎక్కువున్న రాష్ట్రమా కాదా అని ఆ సగానికి పట్టింపు లేదు. పైగా అది పథకాలకి, టెక్నాలజీకి, శిక్షణకి. రోగులకి చేసిన వైద్యం బిల్లులకి రాష్ట్రం తన వాటాలో 15 శాతం మించి వాడకూడదు. మరోవైపు పల్లె ప్రాంతాల్లో పదేళ్ళలో తగ్గే మెడికెయిడ్ డబ్బు 13,700 కోట్ల డాలర్లని కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ అంచనా. పైకప్పు కారుతుంటే కొత్త ఫ్యాన్ ఇచ్చినట్టుంది.

ఇక జోస్యం. 2010లో ఒబామా కేర్ మీద కోపంతో రిపబ్లికన్లకి 63 సీట్లు పెరిగాయి. 2018లో దాన్ని తీసేయబోయినందుకు డెమోక్రాట్లకి 40 పెరిగాయి. వైద్యం మీద చెయ్యి వేసినవాడికి మిడ్‌టర్మ్‌లో దెబ్బ తగలడం పాత కథే. అందుకే హౌస్ మారుతుందనేవాళ్ళతో నేను వాదించను. మారితే మాత్రం? చట్టం వెనక్కి తీయాలంటే సెనెట్ కావాలి, ప్రెసిడెంట్ సంతకం కావాలి. 2029 జనవరి దాకా ఆ సంతకం ఎవరిదో తెలిసిందే. వీటో దాటాలంటే మూడింట రెండొంతులు. మా రిపబ్లికన్ సెనెటర్ హాలీనే చూడండి. మెడికెయిడ్ కోతలు వద్దని పేపర్లో వ్యాసం రాశాడు, బిల్లుకి అవునని ఓటేశాడు, రెండు వారాలకి ఆ కోతలు రద్దు చేయాలని ఇంకో బిల్లు పెట్టాడు. సెనెట్‌లో 51-50తో గట్టెక్కిన బిల్లు అది!

కాబట్టి డాక్టర్ గారూ, మీ బోర్డుకి చెప్పండి. హౌస్ కన్నా మీ గవర్నర్ ఎన్నిక చూడమనండి. గవర్నర్ కెల్లీ గారు మళ్ళీ పోటీ చేయడానికి లేదు. ఆ నిధి ఏ ఊరికి ఎంత పోతుందో తేల్చేది మీ రాజధాని టొపీకా, వాషింగ్టన్ కాదు.

కాన్సస్_డ్యూటీ_డాక్టర్
ఇది ప్రింటు తీసి తీసుకెళ్తాను. మా దగ్గర జనాన్ని ముందే అంచనా వేయలేమనడానికి ఒక ఉదాహరణ: 2022 ఆగస్టులో, రాష్ట్ర రాజ్యాంగంలో అబార్షన్ హక్కు తీసేయాలా అన్న ఓటింగ్. కాన్సస్ కాబట్టి ఫలితం తెలిసిందే అన్నారు, 59 శాతం తీసేయొద్దని వేశారు.

నిన్న ఒక ముసలి రైతు, గుండె నీరసం, నాలుగోసారి చేరాడు. బీపీ చూస్తుంటే "డాక్, ఈసారి ఎవరికి వేస్తున్నావ్?" అన్నాడు. నాకు ఓటు లేదు, గ్రీన్ కార్డు వరుసలో ఉన్నానన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. ఇండియావాళ్ళకి పదుల ఏళ్ళు అన్నాను. నమ్మలేదు. అబద్ధం చెప్తున్నాననుకుని నర్సుని అడిగాడు.

రెసిడెంట్_మూడోఏడు
అన్నా, అక్కా, నాది వేరే ప్రశ్న. వచ్చే జూలైకి రెసిడెన్సీ అయిపోతుంది, జె-1లో ఉన్నాను. పల్లెలో రెండు ఆఫర్లున్నాయి. లక్ష డాలర్ల హెచ్-1బి ఫీజు వల్ల ఆసుపత్రివాళ్ళు వెనకాడుతున్నారు. ఏం చేయాలి?

కాన్సస్_డ్యూటీ_డాక్టర్
ముందు ఊపిరి పీల్చుకో తమ్ముడూ. 2025 అక్టోబర్‌లో ఇచ్చిన వివరణ ప్రకారం అమెరికాలో ఉండగానే స్టేటస్ మార్చుకుంటే ఆ ఫీజు వర్తించదు. జె-1 నుంచి వేవర్ మీద మారేవాళ్ళం అలాగే మారతాం. ఈలోపు ఊరికి మాత్రం వెళ్ళకు, చెల్లి పెళ్ళయినా సరే ముందు లాయర్ని అడుగు. ఈ వేవర్లు ఇచ్చే కాన్‌రాడ్ ప్రోగ్రామ్ కింద రాష్ట్రానికి ఏటా 30 స్థానాలే, మూడేళ్ళ కట్టుబాటు. ఆ ప్రోగ్రామ్‌ని కాంగ్రెస్ విడతలు విడతలుగా పొడిగిస్తూ వస్తోంది కాబట్టి తేదీలు గమనిస్తూ ఉండు.

లేబర్‌రూమ్_అక్క
ఆఫర్ లెటర్లో జీతం ఒక్కటే చూడకు నాన్నా. కాన్పులు చేస్తారా, రాత్రి ల్యాబ్ ఉంటుందా, ఎన్ని రాత్రులకి నువ్వొక్కడివే కాల్‌లో ఉంటావో అడుగు. బియ్యం, కందిపప్పు ఎక్కడ దొరుకుతాయో కూడా. నవ్వకు, నాకు మొదటి ఏడాది మూడు గంటల డ్రైవు.

మిస్సోరీ_బిల్లింగ్
అక్క చెప్పినవన్నీ అడిగాక, వాళ్ళ చేతిలో ఎన్ని రోజుల నగదు ఉందో అడుగు. ఇవాళ్టి నుంచి ఒక్క పైసా రాకపోతే ఎన్ని రోజులు నడపగలరో ఆ లెక్క. డాక్టర్లు సిగ్గుపడి అడగరు. ఇంకోటి, మధ్యలో ఆసుపత్రి మూతపడితే నీ వేవర్ పోదు, ఇంకో అర్హత ఉన్న చోటికి మారొచ్చు. కాకపోతే ఆ మధ్య రోజులు నరకం.

రెసిడెంట్_మూడోఏడు
థాంక్యూ అందరికీ. రెండు చోట్లకీ మెయిల్ పెట్టాను. ఒకళ్ళు 160 రోజులన్నారు, కానీ అది సిటీకి దగ్గర, ఆ రాష్ట్రంలో వేవర్ స్థానాలు నిండిపోయేలా ఉన్నాయట. రెండో వాళ్ళు జవాబివ్వకుండా ఫోన్ చేశారు. సీఈఓ స్వయంగా మాట్లాడాడు. 41 రోజులట. "నువ్వొస్తే పెరుగుతాయి" అన్నాడు.

మిస్సోరీ_బిల్లింగ్
అబద్ధం చెప్పలేదు. సంతకం పెట్టే ముందు నాకు మెసేజ్ చెయ్యి, వాళ్ళ కాస్ట్ రిపోర్ట్ (ఆసుపత్రి ఏటా ఇచ్చే ఖర్చుల లెక్క) తీసి కలిసి చూద్దాం.